ఉప్పు మీద మన హక్కు



అయోడిన్ లోపమంటే మనకు గొంతు వాపే గుర్తొస్తుంది. కనబడని నష్టం అంతకన్నా పెద్దది. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి, గర్భిణికి 250. అది అందకపోతే థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోను తయారుచేయలేదు. గర్భం మొదటి నెలల్లో శిశువు మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. లోపం తీవ్రమైతే గర్భస్రావం, మృతశిశువు, చెవుడు, బుద్ధిమాంద్యం.

బిడ్డ మందకొడిగా ఉంటే నింద ఎవరి మీద పడుతోంది? తల్లి మీదే. గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకుందంటారు, పుట్టింటి రక్తమే అంతంటారు. వరదలకు పైమట్టి కొట్టుకుపోయి నేలలోనే అయోడిన్ లేకపోతే పంటలోకి ఎక్కడినుంచి వస్తుంది? అందులో ఆమె తప్పేముంది?

పరిష్కారం తెలియనిదేమీ కాదు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి బృందం 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం, అయోడిన్ ఉప్పుతో గాయిటర్ తగ్గుతుందని రుజువు చేసింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. అయినా అయోడిన్ లేని తినే ఉప్పు అమ్మకంపై నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తేసింది, 2006లో గాని తిరిగి అమలుచేయలేదు. ఆ మధ్య పుట్టిన పిల్లలకు జవాబెవరు చెప్పాలి?

ఉప్పు డబ్బాకు మూత పెట్టమని, పొయ్యికి దూరంగా ఉంచమని మనం ఆడవాళ్ళకు చెబుతూనే ఉన్నాం. చెప్పాలి కూడా. కానీ కూలికెళ్ళే మనిషి చవగ్గా దొరికే విడి రాళ్ళుప్పే కొంటుంది. ఇంటికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. ఆ ఉప్పు రేషన్ షాపులో ఇవ్వాలని, ఊళ్ళోనే పరీక్షించాలని సంఘాలుగా అడుగుదాం. ఇది వంటింటి జాగ్రత్త మాత్రమే కాదు, ప్రభుత్వం తీర్చవలసిన బాకీ.