హాస్టల్లో అమ్మాయి: అమ్మ అడగవలసిన మాట

అమ్మాయిని హాస్టల్లో చేర్పించేటప్పుడు భోజనం సంగతి అడుగుతాం గానీ, నెలసరి తప్పితే చూపించుకోవడానికి కాలేజీలో లేడీ డాక్టరు ఉన్నారా అని అడగం. లేకపోతే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉందో మనమే కనుక్కోవాలి.

ఇంకో సంగతి. 1971 నాటి చట్టం ప్రకారం, 18 ఏళ్లు నిండిన అమ్మాయి గర్భస్రావానికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. తల్లిదండ్రుల సంతకం అక్కర్లేదు. డాక్టరు ఆమె పేరు బయటపెట్టకూడదు. పెళ్లికాని వారికీ పెళ్లయిన వారితో సమానంగా ఈ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

“ఇవన్నీ చెబితే పిల్ల చెడిపోదూ?” అంటారేమో. తెలియక, భయపడి, ఏ నాటుమందో మింగితే ప్రాణానికే ముప్పు కదమ్మా! సెలవులకి వచ్చినప్పుడు మీరే చెప్పండి. సంతకం అక్కర్లేకపోయినా, ఆపదలో పిల్లకి అమ్మ తోడు అక్కర్లేదా?