తత్వం మన గడపలోనే ఉంది

(అంబేద్కర్ జయంతి సందర్భంగా ఒక పల్లెలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం నన్ను అంబేద్కర్ తాత్విక చింతన మీద మాట్లాడమన్నారు. కరపత్రంలో ఆ మాట చూసి మా పెద్దమ్మ ఒకావిడ “అదేందిరా అయ్యా, మాకు అర్థమయ్యేదేనా?” అని అడిగింది. అర్థమయ్యేదే. తత్వం అనే మాట మనకేం కొత్త కాదు. తంబుర మీటుకుంటూ వచ్చే బైరాగి పాడేదాన్ని తత్వం అంటాం. ఒంట్లో వేడి చేస్తే నాది ఉష్ణ తత్వం అంటాం. ఎంత చెప్పినా వినని మనిషిని చూసి వాడి తత్వమే అంత అంటాం. దెబ్బ తిన్నాక ఇప్పటికి తత్వం బోధపడింది అంటాం. మన జనం ఈ మాటని బతుకులోనే పెట్టుకున్నారు. దాన్ని పీఠాల్లోకి, మనకి నోరు తిరగని శ్లోకాల్లోకి ఎత్తుకుపోయినవాళ్లు వేరే ఉన్నారు.

వాళ్లు చెప్పిందేంది? అందరిలో ఉన్నది ఒకే బ్రహ్మం అన్నారు. చాలా పెద్ద మాట. మరి ఆ బ్రహ్మం మాలోడిలో, మాదిగోడిలో, రెల్లోడిలో కూడా ఉన్నప్పుడు బావి గట్టు దగ్గరికి ఎందుకు రానియ్యలేదు? ఈ ప్రశ్న నాది కాదు, బాబాసాహెబ్‌ది. ఆయన పోయిన ముప్పై ఏళ్లకి, 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చువేసిన రాతల్లో ఉంది. అందరిలో ఒకే బ్రహ్మం అనే మాట నిజంగా ఆచరణలో పెట్టి ఉంటే ప్రజాస్వామ్యానికి అంతకంటే గట్టి పునాది ఉండేది కాదంటాడాయన. కానీ పెట్టలేదు. మాట పుస్తకంలో ఉండిపోయింది, కులం వీధిలో ఉండిపోయింది. కాబట్టి ఒక ఆలోచన ఎంత గొప్పదో తెలుసుకోవాలంటే అది ఎంత ఎత్తున ఉందో చూడొద్దు. అది బావి దగ్గర, పొయ్యి దగ్గర, బడి వరండాలో ఏం చేసిందో చూడండి.

బాబాసాహెబ్ 1913లో అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. అక్కడ ఆయనకి పాఠం చెప్పినవాళ్లలో జాన్ డ్యూయీ ఒకడు. ఆలోచన అన్నది పనిలో రుజువు కావాలనేది డ్యూయీ పట్టుదల. ప్రజాస్వామ్యమంటే ఓట్లూ సర్కారూ మాత్రమే కాదు, మనుషులు ఒకరి అనుభవం ఒకరికి అందేట్టు కలిసి బతికే తీరు అన్నాడాయన. అంబేద్కర్ ఆ మాటని జీవితాంతం వదల్లేదు. 1952లో అదే కొలంబియా ఆయన్ని గౌరవ డాక్టరేటు ఇస్తామని పిలిచింది. జూన్ 5న పట్టా. గురువు జూన్ 1నే కన్నుమూశాడు.

కలిసి బతకడమంటే ఏందో మన రైతుకూలీకి ఒక్క మాటలో చెప్పొచ్చు. ఊట. చెరువు నిండితే చుట్టుపక్కల బావుల్లో ఊట పెరుగుతుంది. ఎవరూ మోసుకెళ్లి పొయ్యరు, నేలలోంచి చెమ్మ దిగుతుంది, అంతే. సమాజంలో కూడా ఒక గుంపులో ఉన్న తెలివి, అనుభవం, కష్టసుఖం ఇంకో గుంపులోకి ఊరాలి. కులం చేసిన పని ఆ ఊటకి అడ్డంగా గోడ కట్టడం. గోడ అవతలివాడికి మన ఆకలి తెలీదు. తెలియకపోవడమే వాడికి మర్యాద అయి కూర్చుంది.

1936లో లాహోరులో ఉపన్యాసం చెయ్యమని పిలిచి, రాసింది చూసి భయపడి సభే రద్దు చేసుకున్నారు. అంబేద్కర్ దాన్ని సొంత ఖర్చుతో అచ్చువేసుకున్నాడు. అదే ‘కుల నిర్మూలన’. అందులో ఒక చోట ఆయన నియమానికీ సూత్రానికీ తేడా చెబుతాడు. ఈ సభకి నేను వచ్చింది ముఖ్యంగా ఆ ఒక్క ముక్క మీకు అందించడానికే.

నియమమంటే వంట చెప్పినట్టు. ఇంత ఉప్పు, ఇంత కారం, ఇంతసేపు ఉడకనియ్యి. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే, ఎందుకు అని అడిగే పని లేదు. సూత్రం అట్లా కాదు. న్యాయంగా ఉండు అనేది సూత్రం. ఏం చెయ్యాలో అది చెప్పదు, ఏం ఆలోచించి చెయ్యాలో చెబుతుంది. సూత్రం పట్టుకున్నవాడు పొరపాటు పడొచ్చు గానీ చేసిన పనికి తనే పూచీ పడతాడు. నియమం పట్టుకున్నవాడు మంచి చేసినా మర చేసినట్టే. చెడు చేస్తే “నాదేముంది, పెద్దల నుంచి వచ్చిన ఆచారం” అని తప్పుకుంటాడు. స్మృతులు మతం పేరుతో మనకిచ్చింది నియమాల మూట అని బాబాసాహెబ్ తేల్చాడు.

ఈ నియమాలు ఎక్కడా రాసి ఉండవు, కానీ తప్పితే ప్రాణం తీస్తాయి. మాదిగామె బిందె ఎత్తి ఎదురు చెప్పకూడదు అనేది ఒక నియమం. తాగే నీళ్ల చెరువు పాడు చెయ్యొద్దని ఒక ఆడకూతురు బిందె ఎత్తినందుకు 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. మాలోడి కాలు పెద్దకులపోడికి తగలకూడదు అనేది ఇంకొకటి. సినిమా హాల్లో తగిలిన కాలు దగ్గర మొదలైన గొడవ పెరిగి పెరిగి 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది శవాలయ్యారు. అప్పటికి రాజ్యాంగంలో అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం ఉంది, 1955 చట్టం ఉంది, 1989 అట్రాసిటీ చట్టం కూడా వచ్చింది. కాగితం మీద సూత్రం మారింది. వీధిలో నియమం మారలేదు.

ఇప్పుడు చిన్న సంగతుల్లోకి వస్తాను. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి పోయిందంటారు. పోయింది. ఇప్పుడు లోపల బల్ల మీద కూర్చునేవాళ్లకి గాజు గ్లాసు, బయట నిలబడే మనకి కాగితపు కప్పు ఇచ్చే కొట్లు నేను చూశాను. శుభ్రం కోసమే మాస్టారూ అంటాడు. శుభ్రమైతే అందరికీ కాగితమే ఇవ్వాలి గదా! నియమం వేషం మార్చుకుని వచ్చినప్పుడు పట్టుకోవడానికే సూత్రం కావాలి. ఇది ఎవరికి లాభం, ఎవరికి అవమానం? ఇదే నాకు జరిగితే ఒప్పుకుంటానా? ఇంతే అడగాలి. ఇంతకంటే పెద్ద తత్వం అక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండటానికి మన ఆడమనిషిని పెట్టారు. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. వంటకి దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. అయినా ఆమె గరిటె పట్టిన రోజు నుంచి ఎనిమిదిమంది పిల్లలకి ఇంటి నుంచి క్యారేజీలు మొదలైనయ్. ఒక తండ్రిని అడిగితే “మేం ఎవర్నీ తప్పు పట్టట్లేదండీ, మా ఇంట్లో ఆచారం” అన్నాడు. ఆ బియ్యం నాట్లు వేసింది, కోసింది, మూటలు మోసింది ఎవరండీ అంటే నవ్వి ఊరుకున్నాడు. నవ్వాడంటే అర్థమైందన్నమాటే, ఒప్పుకోవడమే మిగిలింది. నేను రోజూ పిల్లల బంతిలో కూర్చుని ఆమె వండిందే తిన్నాను. ఉపన్యాసం ఇవ్వలేదు. గుడ్డు పెట్టే రోజు క్యారేజీ పిల్లల చూపులు చూడాలి మీరు! నెల తిరిగేసరికి ఐదుగురు వాళ్లంతట వాళ్లే పళ్లెం పట్టుకుని వచ్చారు. ముగ్గురు నేను బదిలీ అయ్యేదాకా క్యారేజీతోనే ఉన్నారు. ఎనిమిదీ గెలిచామని చెప్పలేను, ఐదు గెలిచాం.

ఇక్కడిదాకా మీరు చప్పట్లు కొట్టారు. ఇక ముందు కొడతారో లేదో చూద్దాం.

ఈ సభకి కుర్చీలు వేశారు. తలలు తిప్పి చూడండి. కుర్చీల్లో అందరూ మగవాళ్లే. పొద్దుటి నుంచి మిరపకాయ కోతకి వంగి వచ్చిన అక్కలు పట్టాల మీద కూర్చున్నారు. ఎవరు చెప్పారు అట్లా కూర్చోమని? ఎవరూ చెప్పలేదు. నియమమంటే అదే. ఇంటికి పోయాక ఎవరు ముందు తింటారు, అడుగున మిగిలింది ఎవరు గీక్కుంటారు అనేది కూడా తాత్విక ప్రశ్నే. దూబగుంట ఆడవాళ్లు డ్యూయీని చదవలేదు. అక్షరాస్యత వాచకంలో సారా వల్ల గుల్లయిన సంసారం పాఠం చదివారు. ఇది మన సంసారమే గదా అనుకున్నారు, కొట్టు మూయించారు. 1992కి నెల్లూరు జిల్లా అంతా లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. ఒక పాఠాన్ని గడపలోకి తెచ్చుకుంటే ఏమవుతుందో వాళ్లు చూపించారు.

ఇంకో మాట. కులం నిచ్చెనలాంటిదని, ప్రతివాడికీ తన కిందొకడు ఉండేట్టు కట్టారని, అందుకే అందరూ కలిసి దాన్ని కూల్చరని బాబాసాహెబ్ చెప్పాడు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన రెండు పల్లెల మధ్య పలకరింపులే తగ్గిపోయినయ్. వాటా గురించి ఎవరి వాదన వాళ్లు చెప్పండి, గట్టిగా చెప్పండి, తప్పు లేదు. కానీ వాటా వాదన వేరు, మంచినీళ్లు వేరు. ఇక్కడి బడిలో వంటకి సాయంగా మాదిగపల్లె చెల్లెల్ని పెడతామంటే వద్దని వెళ్లింది పెద్దకులాలవాళ్లు కాదు. మన మాలపల్లె పెద్దలిద్దరు వెళ్లారు. వాళ్లు చెప్పిన కారణం కూడా నాకు తెలిసింది. “మా ఇళ్లల్లో అలవాటు లేదు” అన్నారట. ఆ క్యారేజీ తండ్రి మాట కూడా ఇదే గదా!

1954 అక్టోబరులో రేడియోలో మాట్లాడుతూ అంబేద్కర్, తన స్వేచ్ఛ సమానత్వం సౌభ్రాతృత్వం ఫ్రెంచి విప్లవం నుంచి తెచ్చుకున్నవి కావు, తన గురువు బుద్ధుడి నుంచి తీసుకున్నవి అన్నాడు. అందులో సౌభ్రాతృత్వానికి అన్నిటికంటే పైచోటు ఇచ్చాడు. ఎందుకంటే స్వేచ్ఛనీ సమానత్వాన్నీ చట్టం తుంగలో తొక్కకుండా కాపాడలేకపోవచ్చు. పక్కవాడు నా మనిషే అనుకున్నవాడే కాపాడతాడు. బుద్ధుడు కాలాములనే జనానికి ఇంకో ముక్క చెప్పాడు. ఆచారమని, గ్రంథంలో ఉందని, గురువు చెప్పాడని దేన్నీ ఒప్పుకోవద్దు, దానివల్ల కీడా మేలా మీరే చూసుకోండి అని. ఇది నా మాటకీ వర్తిస్తుంది. విగ్రహం చుట్టూ ఇనప చట్రం కట్టి, ఏడాదికోసారి తాళం తీసి దండేసి మళ్లీ తాళం వేసుకునే మన పద్ధతికీ వర్తిస్తుంది. రాజకీయాల్లో భక్తి పనికిరాదని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఈ చట్రంలో నిలబెట్టిన మనిషే.

ఈ 30వ తేదీ పౌరహక్కుల దినం. అధికారులు వస్తే కాగితపు కప్పు సంగతి అడుగుదాం, కొట్టు పేరుతో సహా రాసి ఇద్దాం. కానీ బడి వంట సంగతి వాళ్లని అడగడానికి మనకి మొహం లేదు, ముందు మనమే తేల్చుకోవాలి. ఆ చెల్లెలు అదిగో, వేపచెట్టు కింద కూర్చుని ఉంది. ఆ పెద్దలిద్దరూ ముందు వరసలోనే ఉన్నారు. వయసులో నాకంటే పెద్దవాళ్లు, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. నేను కూర్చుంటాను. మైకు వాళ్లకివ్వండి, వాళ్ల తర్వాత ఆమెకివ్వండి.