వడ్డించే చేతికీ ఒక కంచం



విత్తనం గురించీ, ఎరువు గురించీ, పురుగుమందు గురించీ మనం ఎన్నో సంగతులు ముచ్చటించుకుంటాం. పండించినదంతా చివరకు చేరేది కంచంలోకే గదా! ఆ కంచం సంగతి మాత్రం ఆడవాళ్ల వ్యవహారమని వదిలేస్తాం. ఈ పూట దాన్ని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను. రోజూ వండుకునే తిండినే, అదనపు ఖర్చు లేకుండా, ఇంటిల్లిపాదీ ఇష్టంగా తినడం ఎలాగన్నది విషయం.

ముందు నేను చూసిన ఒక ఇంటి ముచ్చట చెబుతాను. అవి నాట్ల రోజులు. గోదావరి ప్రాంతంలో ఒక రైతుగారింటికి వెళ్లాను. కొద్దిపాటి మాగాణి, ఒక పాడిగేదె, పెరట్లో రెండు మునగచెట్లు ఉన్న ఇల్లు. మధ్యాహ్నం రెండు గంటలకు పెద్దాయన, కొడుకు, పిల్లలు భోజనానికి కూర్చున్నారు. కోడలు వడ్డిస్తున్నది. “మళ్లీ సొరకాయ పులుసేనా?” అని కొడుకు మొహం చిట్లించాడు. చిన్నవాడు ఆవకాయ ముద్ద రెండు మింగి లేచిపోయాడు. అందరూ చేతులు కడుక్కున్నాక ఆ అమ్మాయి గిన్నెలు చూసుకున్నది. పప్పు గిన్నె ఖాళీ. చల్లారిన అన్నం, ఇంత ఊరగాయ, నీళ్ల మజ్జిగ మిగిలాయి. “రోజూ ఇంతేనా అమ్మా?” అని అడిగాను. “ఇందరికీ పెట్టేసరికి నా ఆకలి చచ్చిపోతుందండీ” అని నవ్వేసింది. పొద్దున ఆమె కూడా నాట్లు వేసి వచ్చిన మనిషే!

ఆ ఇంట్లో తిండికి కొదవ లేదు. కానీ వండిన ఆమెకు మెప్పు లేదు, తిన్నవారికి తృప్తి లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి కారణాలు అనేకం. అయినా ఆకుకూర, పప్పు చివర కూర్చునే మనిషికి మిగలకపోతే ఆ కొరత తీరేదెట్లా?

ఇక వంట సంగతికి వద్దాం. గంజి వార్చడం చాలా ఇళ్లలో అలవాటు. గంజితోపాటు బి విటమిన్లు కొంత పారిపోతాయి. బియ్యం పదే పదే పిసికి కడిగినా అంతే. రెండుసార్లు తేలికగా కడిగి, అత్తెసరు పెట్టి వండితే రుచీ, బలమూ రెండూ దక్కుతాయి. కొత్త బియ్యానికి నీరు తక్కువ, పాత బియ్యానికి ఎక్కువ అన్నది మీకు తెలిసిందే. వార్చక తప్పకపోతే ఆ గంజిని పారబోయకండి. మజ్జిగ, చిటికెడు ఉప్పు కలిపి తాగండి.

కందిపప్పు ఉడకడం లేదని షాపువాణ్ణి తిడతాం. ఒక్కొక్కసారి తప్పు మనదే. పప్పు ఉడకకముందే చింతపండు వేస్తే ఆ పులుపుకు పప్పు బిరుసెక్కుతుంది. అరగంట నానబెట్టి, మెత్తబడిన తరువాతే పులుపు వేయండి. వంటచెరకైనా, గ్యాసైనా ఆదా అవుతుంది. పోపులోనూ ఒక వరుస ఉన్నది. మెంతులు, మినప్పప్పు, ఆవాలు ముందు. అవి వేగాక జీలకర్ర, ఎండుమిర్చి. చివర ఇంగువ, కరివేపాకు. అన్నీ ఒక్కసారే వేస్తే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. ఆకుకూరను కడిగి కోయాలి గాని, కోసి కడగకూడదు. మూతపెట్టి, తక్కువ నీళ్లతో మగ్గనివ్వాలి.

రోజూ ఒకటే పప్పు అని విసుగా? పప్పు ఒకటే గాని దానికి తోడు మార్చండి. ఒకనాడు తోటకూర, ఒకనాడు గోంగూర, మరొకనాడు దోసకాయ, బచ్చలి, మునగాకు. నిన్న పులుసయితే నేడు వేపుడు. మెత్తని కూర పక్కన కరకరలాడే వడియం ఒకటి. బీరకాయ కూర వండిననాడు ఆ చెక్కు పారేయక, నువ్వులు వేయించి వేసి రోటిపచ్చడి నూరండి. కూర దొరకనినాడు వేడన్నంలో కందిపొడి, నాలుగు చుక్కల నెయ్యి చాలు. పప్పులోనో కూరలోనో నిమ్మరసం పిండుకుంటే రుచితోపాటు, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు. గంటో రెండు గంటలో ఆగండి.

ఈ ఆకులన్నీ కొనాలా అంటారేమో. అక్కరలేదు. గిన్నెలు కడిగిన నీరు పారేచోట అరటి పిలక నాటండి. దడి మీదికి బచ్చలి పాకించండి. తోటకూర ఒక్క మడిగా చల్లక, వారానికొక చిన్న మడి చల్లుకోండి. 25, 30 రోజులకు కోతకు వస్తుంది. తరువాత వారం వారం కూర అందుతూనే ఉంటుంది. ఈ మడులు తవ్వి పెట్టడం మగవారి వంతు అని మనవి!

అన్నిటికన్నా ముఖ్యమైనది పంక్తి. వండిన గిన్నెలన్నీ మధ్యన పెట్టుకుని, ఆమెతో సహా అందరూ ఒక్కసారే కూర్చోండి. కావలసినది ఎవరికి వారు వడ్డించుకోవచ్చు. టీవీ ఆ అరగంటా కట్టేయండి. బాగున్న కూరను బాగున్నదని పైకి చెప్పండి. ఆ మాటకు డబ్బు ఖర్చు కాదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. ఊరికి వెళ్లి పోషకాహారం మీద ఉపన్యాసం చెబితే ఎవరూ వినరు. అత్తాకోడళ్లిద్దరినీ పిలిచి, ఆ ఊళ్లో దొరికే ఆకుతోనే వాళ్ల ముందు వండి, అందరితో కలిసి తిని చూపండి. మగవారిని కూడా పిలవండి.

కోతల రోజుల్లో మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. పగటిపూట ఏమీ మారలేదు. పొలం పనిలో ఎవరి వేళ వారిది. రాత్రి మాత్రం, మునగాకు పప్పు గిన్నె మధ్యలో పెట్టాక, పెద్దాయన చేయి కలపకుండా కూర్చున్నారు. “అమ్మాయీ, నీ కంచమేదీ?” అన్నారు. ఆమె మొహమాటపడుతూనే కంచం తెచ్చుకున్నది. ఆ పూట చిన్నవాడు మారు అన్నం అడిగాడు.

మీ ఇంట్లోనూ ఈ రాత్రే ఆ మాట అడిగి చూడండి. సెలవు.