జింకల వేట - మన శాసనములు

కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి దగ్గర గుట్టమీది బండలపై అశోకుని శాసనములు కలవు. వానిలో మొదటిది వంటయింటి లెక్క చెప్పును. పూర్వము రాజుగారి పాకశాలకై దినదినమును లక్షలకొలది ప్రాణులను చంపుచుండిరట. శాసనము చెక్కించునాటికి ఆ లెక్క మూటికి దిగినది: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింకయైనను నిత్యము కాదు. ఇకమీదట ఈ మూడును చంపబడవని ప్రభువు మాట యిచ్చినాడు. జింకవేటకు రాజాజ్ఞ అడ్డుపడుట మన నేలకు క్రొత్త కాదని దీనివలన తెలియుచున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రము గూడ అభయమిచ్చిన మృగములను చంపినవారికి దండుగ విధించినది.

అయినను మొన్నమొన్నటివరకు వేట పూర్తిగా నిషిద్ధము కాదు. నియమములకు లోబడినది మాత్రమే. 1912 నాటి చట్టము ఏడాదిలో కొంతకాలము వేటను ఆపుటకు ప్రభుత్వములకు అధికార మిచ్చినది. ఆంధ్రప్రదేశ్ మొదలగు రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరగా పార్లమెంటు చేసిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము సైతము మొదట లైసెన్సు పద్ధతిని ఉంచినది. ఆ నియమములు గమనింపదగినవి. ప్రత్యేకానుమతి లేనిదే ఆడుదానిని, పిల్లను కొట్టరాదు. దుప్పి, కణితి వంటివాని కొమ్ములు రాలి మరల మొలచుచుండును. లేతకొమ్ముపై మఖమలువంటి తోలు ఉన్నంతకాలము వానిని గూడ కొట్టరాదు. మోటారు వాహనముమీదనుండి కాల్చరాదు. నీటిమడుగు కడ, ఉప్పుచవుడు కడ పొంచి కొట్టరాదు. సంతతి తెగిపోకూడదు, మృగమునకు తప్పించుకొను దారి ఉండవలెను అనునదే వీని సారము.

1991 అక్టోబరు 2వ తేదీనుండి ఆ లైసెన్సు పద్ధతియే తొలగినది. నేడు మన రాష్ట్రములలో జింకను వేటాడుటకు ఋతువు లేదు, రుసుము లేదు, అనుమతిపత్రము లేదు. తుపాకి పేల్చుటయే వేట అని మనము తలచుచుందుము. చట్టము దృష్టిలో ఉచ్చు పన్నుట, వల వేయుట, విషము పెట్టుట, తరుముట, ఎర చూపుట, వీనికై ప్రయత్నించుట అన్నియు వేటయే. వేటాడిన మృగము ప్రభుత్వపు సొత్తు. చచ్చి పడియున్నట్లు దొరకినదియు అంతే. అట్టిది చేజిక్కినచో నలువదియెనిమిది గంటలలో పోలీసు ఠాణాకుగాని అధికారము గల ఉద్యోగికిగాని తెలుపవలెను. మొదటి షెడ్యూలులోని కృష్ణజింకను చంపినవానికి మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్లవరకు కారాగారము. 2023 ఏప్రిలు 1 నుండి అమలైన సవరణ ననుసరించి జరిమానా ఇరువదియైదువేల రూపాయలకు తగ్గదు.

ఇంతవరకు చట్టము. ఇక చేనుగట్టు మాట.

కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రజంతువు. తెలంగాణమునకు చుక్కల దుప్పి. అయితే రాత్రి కాపలాతో కన్నులు కాయలు కాచిన రైతునకు ఆ గౌరవము ఎట్లు తోచును? 1988లో బట్టమేకపక్షి కొఱకు రోళ్లపాడు అభయారణ్య మేర్పడినది. పక్షి తగ్గిపోయినది, జింకలు పెరిగి చుట్టుప్రక్కల పైరులపై పడినవి. నారాయణపేట జిల్లాలో కృష్ణాతీరపు రైతులదియు ఇదే మొర. మొలకెత్తిన పైరును మంద ఒక్క రాత్రిలో మేసిపోయినచో ఆ యేటి అప్పు ఎవరు తీర్చవలెను?

ఈ ప్రశ్నకు చట్టము సగము జవాబే చెప్పుచున్నది. రెండవ షెడ్యూలులోని మనుబోతు, అడవిపంది వంటివి పైరునకు హాని చేసినచో, రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడుగాని, ఆయన అధికార మిచ్చిన ఉద్యోగిగాని కారణము వ్రాసి, వేటకు ఉత్తరు వీయవచ్చును. కృష్ణజింక విషయమున పైరునష్టము చాలదు. అది మనుష్యప్రాణమునకు అపాయకరమై ఉండవలెను, లేదా కోలుకొనలేని వ్యాధిలో ఉండవలెను. కావున దానిని పట్టి వేఱుచోటికి తరలించుట, కంచెలు కట్టుట, నష్టపరిహార మిచ్చుట, ఇవే మిగిలిన మార్గములు. ఇవన్నియు ప్రభుత్వము చేయవలసిన పనులు. ఒంటరి రైతు చేయగలవి కావు.

ఆ సహాయము ఆలస్యమైనచోట కొందఱు చేనుచుట్టు కరెంటు తీగ లాగుచున్నారు. అది పందిని, జింకను, పశువును ఎఱుగదు. తెల్లవారుజామున నీరు కట్టుటకు వచ్చిన పొరుగురైతును గూడ ఎఱుగదు. ఇట్టి తీగలకు తగిలి మనుష్యులు మరణించిన ఉదంతములు మనము వినుచునే ఉన్నాము. ఆ తీగ పెట్టినవాడు వేటనేరమునకే గాక మనుష్యమరణమునకును బాధ్యు డగును.

కావున గ్రామస్థులు చేయదగిన దేమనగా: నష్టము జరిగిన వెంటనే అటవీ, రెవెన్యూ ఉద్యోగులకు వ్రాతమూలకముగ తెలిపి, చేను చూపి, పరిహారము కోరవలెను. ఒక్కొక్కరుగా గాక ఊరంతయు కలిసి అడిగినచో ఆ మాటకు బలము హెచ్చును. ప్రభుత్వము చేయదగిన దేమనగా: ఆ పరిహారమును మరుపంటకు విత్తనములు కొనువేళకైనను చేతికందింపవలెను. జింకను కాపాడు భారము దేశమంతటిది. ఆ ఖర్చును అడవి అంచున నున్న నాలుగెకరాల రైతు ఒక్కడే మోయుట న్యాయము కాదు. అతని నష్టమును పంచుకొన్ననాడే అతడు జింకకు కావలివా డగును.