కుండకు మూలలుండవేల?

కడియం నర్సరీలలోని మట్టికుండీకి అడుగు చదును, అంచు దళసరి. పొయ్యినెక్కు వంటకుండకు అడుగు గుండ్రము, గోడ పలుచన. రెండును కాల్చిన మన్నే, భేదమేలనో పరిశీలింతము.

మన్ను వేడిని మెల్లగా ప్రసరింపజేయును. మంట సోకినచోటు వ్యాకోచింపగా ప్రక్కనున్న చల్లని భాగము లాగబడును. ఒత్తిడికి ఓర్చు మన్ను లాగుడుకు ఓర్వలేక పగులును. గోడ దళసరియైనకొలది ఉష్ణభేదము హెచ్చును. మూల పదునైనకొలది లాగుడు అచ్చట పోగుపడును. కావుననే కుమ్మరి చెక్కతో తట్టి, మూల లేకుండ, గోడను సమముగా పలుచన చేయును.

1981లో రోదసికేగిన అమెరికా నౌక కొలంబియాకును సిలికా కవచమును ఒకే రేకుగా గాక, సుమారు 15 సెంటీమీటర్ల పలకలుగా, నడుమ సందులుంచి అతికించిరి. అడుగునున్న లోహము సాగినను పలకలు చీలకుండుటకే ఆ యేర్పాటు.

గృహిణులకు మేము మనవి చేయునది ఒక్కటే: కాగిన కుండపై చన్నీళ్లు పోయకుడు. పైపొర ఒక్కసారిగా ముడుచుకొనును. ఎంత చక్కని గుండ్రమైనను పగిలి, ఆ పూట అన్నము పొయ్యిపాలగును.