రెండు తీగలు, ఎనిమిది తూములు



మా కప్పగల్లు వైపు బడుల్లో హాజరు వేస్తూ 'బసవరాజు' అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు ఒక్కసారే పలకడం మామూలే. పిల్లలనైతే ఇంటిపేరు చేర్చి పిలుస్తాం. మరి ఒకే పేరున్న పరికరాలు ఒక్కసారే పలికితే ఏం చేయాలి? ఈనాటి విషయం అదే.

మన బళ్లారి సీమ రైతుకు మిరప ప్రాణం. కాయ సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. కొన్ని బూజులు ఆఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. ఎనిమిది అరల సోలార్ డ్రయ్యర్‌లో కాయలు ఆరబెడుతున్నామనుకోండి. పై అర ఆరినా కింది అర పచ్చిగా ఉండవచ్చు. అందుకే అరకొక తేమ సెన్సార్ కావాలి. అన్నింటినీ చదవడానికి మైక్రోకంట్రోలర్ మాత్రం ఒక్కటి చాలు.

ఇలాంటి సెన్సార్లు చాలామట్టుకు 'ఐ టూ సీ' పద్ధతిలో మాట్లాడతాయి. ఫిలిప్స్ సంస్థ 1982లో దీన్ని రూపొందించింది. ఇందులో సంకేతాలకు రెండే తీగలు. ఒకటి సమాచారానికి, రెండోది తాళం వేయడానికి. ఒక్కొక్క పరికరానికి ఒక అంకె చిరునామా. చిక్కల్లా ఇక్కడే ఉంది. ఉదాహరణకు ఎస్‌హెచ్‌టీ 31 అనే తేమ సెన్సార్‌కు ఇవ్వగలిగినవి రెండే చిరునామాలు. మూడోది తగిలిస్తే ఒకే పిలుపుకు రెండు పలుకుతాయి. ఒకటి 'ఒకటి' అన్నా, మరొకటి 'సున్న' అంటే తీగ మీద సున్నయే నిలుస్తుంది. చివరికి వచ్చే అంకె ఏ అరదీ కాదు.

దీనికి విరుగుడు మల్టీప్లెక్సర్. టీసీఏ 9548ఏ అనే చిప్ అటువంటిదే. తుంగభద్ర కాలువకు తూములున్నట్టు దీనికి ఎనిమిది దారులు. మైక్రోకంట్రోలర్ ముందుగా ఈ చిప్‌ను పిలిచి ఒక అంకె పంపుతుంది. 1 పంపితే మొదటి దారి, 2 పంపితే రెండోది, 4 పంపితే మూడోది, అలా 128కి ఎనిమిదోది తెరుచుకుంటుంది. ఆ అర సెన్సార్‌ను చదివి, తరువాతి దారికి పోతుంది. 255 పంపితే అన్నీ తెరుచుకుని పాత గందరగోళమే మళ్లీ వస్తుంది.

మరో మేలు కూడా ఉంది. చెడిపోయిన సెన్సార్ ఒక్కటి తీగను సున్న దగ్గరే పట్టుకుంటే మిగతావన్నీ మూగబోతాయి. అప్పుడు చిప్ రీసెట్ కాలును ఒక్క క్షణం సున్నకు దించితే దారులన్నీ మూసుకుంటాయి. ఆ ఒక్క దారినీ వదిలి మిగతా ఏడింటినీ చదువుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు మరవకూడదు. ప్రతి దారికీ దాని పుల్-అప్ రెసిస్టర్ల జత ఉండాలి. తీగలు పొట్టిగా ఉండాలి. తీగ పెరిగేకొద్దీ దాని కెపాసిటెన్స్ పెరుగుతుంది. మామూలు వేగాల్లో అది 400 పికోఫారడ్లు దాటకూడదు. డ్రయ్యర్‌కు ఈ పద్ధతి సరిపోతుంది. పొలమంతా సెన్సార్లు పెట్టాలంటే మాత్రం ఆర్‌ఎస్ 485 వంటి దూరపు పద్ధతి చూసుకోవాలి.

వంతు తప్పని చోట కాలువ చివరి పొలానికీ నీరందుతుంది, కింది అర తేమా సరిగా తెలుస్తుంది. ఇక సెలవు.