మామిడి కొట్టులో రూటరు

విస్సన్నపేట కూడలిలో ఆగిన లారీని "ఎక్కడికి?" అని అడిగినంత మాత్రమున దాని దారి తెలియదు. విజయవాడకే పోవు లారీలు రెండున్నను, ఒకటి నూజివీడు మీదుగా పోవచ్చును, మరియొకటి రెడ్డిగూడెం, మైలవరం మీదుగా పోవచ్చును. బండిలో పండుబారిన చిన్నరసాలున్నవా, ఎరువు బస్తాలున్నవా, నడుమ దింపవలసిన సరకు కలదా అని చూచి యజమాని దారి చెప్పును. మన ఇండ్లలోని రూటరు ఇంత ఆలోచింపదు. తన యొద్దకు వచ్చిన ప్రతి ప్యాకెట్టును, అనగా సమాచారపు పొట్లమును, "నీ గమ్యమేది?" అని మాత్రమే అడుగును. పట్టికలో ఆ గమ్యమున కెదురుగా ఏ దారి వ్రాసియున్నదో ఆ దారిన పంపివేయును. పంపినవారెవరో, ఎందులకు పంపినారో దానికి అక్కరలేదు.

ఆ అక్కర కలిగించుటకే పాలసీ రూటింగు అని పేరు. 1980ల చివర అమెరికాలో పరిశోధనకై ప్రభుత్వధనముతో నడచిన నెట్‌వర్కులపై వ్యాపారపు సమాచారము పోవచ్చునా అను తగవు పుట్టినది. 1989లో డేవిడ్ క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు ఈ విషయమునే తీసికొని ఒక పత్రము వ్రాసెను. నాడు దేశమంత నెట్‌వర్కులకు వచ్చిన ఆ ప్రశ్న నేడు ఒక్క కొట్టు రేకుల క్రిందికి వచ్చినది.

ఒక మామిడి కాలమున విస్సన్నపేటలో తెలిసినవారి కొట్టులో ఈ ఏర్పాటు చేయవలసిన పని మాపై పడినది. కాటా ప్రక్కన బిల్లులు వ్రాయు కంప్యూటరు ఒకటి. ఆవరణలో కెమెరాలు నాలుగు. వచ్చిపోవు రైతుల ఫోనులు లెక్కలేనన్ని. బయటకు పోవుటకు దారులు రెండు. ఒకటి స్తంభము మీదుగా వచ్చిన ఫైబరు తీగ. రెండవది కప్పుపై నిలిపిన సిమ్ము పెట్టె. కెమెరాలు పగలనక రాత్రియనక బొమ్మలను పంపుచుండుటచేత ఫైబరు నిండిపోయి కాటా బిల్లులు నిలిచిపోవుచుండెను.

మేము లోపలి యంత్రములను రెండు నెట్‌వర్కులుగా విడదీసితిమి. బిల్లుల కంప్యూటరునకు 10వ నంబరు, కెమెరాలకును ఫోనులకును కలిపి 20వ నంబరు ఇచ్చితిమి. రూటరులో రెండవ పట్టిక యొకటి తెరచి, అందు "అన్నియు సిమ్ము దారిన" అని ఒక్క పంక్తి వ్రాసితిమి. 20 నుండి వచ్చినదెల్ల ఆ పట్టికనే చూడవలెనని నియమము పెట్టితిమి. బిల్లులు చకచక నడచినవి. మేమును కాఫీ త్రాగుటకు పోతిమి.

తిరిగి వచ్చునప్పటికి గుమాస్తా, బిల్లుల కంప్యూటరులో కెమెరా బొమ్మలు కనబడుటలేదని చెప్పెను. కెమెరా పదియడుగుల దూరముననే యున్నది. కంప్యూటరు అడిగిన ప్రశ్న దానికి చేరుచునే యున్నది. అది ఇచ్చు బదులు మాత్రము 20 నుండి బయలుదేరినది కదా! మా నియమమునకు లోబడి అది సిమ్ము పెట్టెకు పోయి అక్కడనే నశించుచున్నది. ప్రక్క గదికి వ్రాసిన ఉత్తరమును ఊరి పోస్టుడబ్బాలో వేయించినట్లయినది. ఈ పని క్రొత్తగా చేయువారిలో పెక్కుమంది చేయు తప్పిదమే ఇది.

లినక్సుపై నడచు రూటరులలో నియమములకు సంఖ్యలుండును. చిన్న సంఖ్య గలదానిని ముందు చూచును. సామాన్యపు పట్టికను చూడుమను నియమము 32766వ స్థానమున నుండును. కావున 100వ సంఖ్యతో "గమ్యము మన లోపలి నెట్‌వర్కే అయినచో సామాన్యపు పట్టికనే చూడుము" అనియు, 200వ సంఖ్యతో మా మొదటి నియమమును వ్రాసితిమి. బొమ్మలు వచ్చినవి.

అసలు తప్పు సాయంకాలము బయటపడినది. ఒక రైతు సరకు దింపి కాటా వేయించుకొని, యూపీఐ డబ్బు కొరకు బల్లపై కూర్చుండెను. రేకుల క్రింద అతని ఫోనుకు సిగ్నలు అందదు; కొట్టు వైఫైయే గతి. "పంపామంటున్నారు, నా ఫోనులో ఏమీ రాలేదేంటండీ?" అని అడిగెను. "వస్తుంది బాబాయ్, కాసేపాగండి" అని గుమాస్తా అనుచునే యుండెను. చీకటి పడినది. ఫోనులను కెమెరాలతో జతపరచి ఇరుకు దారిన తోసినవారము మేమే. టెలికాం నియంత్రణ సంస్థ 2016 ఫిబ్రవరిలో, సమాచారములోని విషయమును బట్టి వేరు వేరు ధరలు పెట్టరాదని కంపెనీలను కట్టడి చేసినది. సొంత కొట్టులోని రూటరునకు అట్టి కట్టడి లేదు; నియమము వ్రాయువాని చిత్తమే అక్కడ చట్టము. రైతు ఫోను ఏ తరగతిదో మేము ఆలోచింపనేలేదు.

మరునాడు ఫోనులకు 30వ నంబరుతో వేరు నెట్‌వర్కు ఏర్పరచి ఫైబరు దారిననే విడిచితిమి. అందుండి బిల్లుల కంప్యూటరును ముట్టకుండ ఫైర్‌వాల్ అడ్డు పెట్టితిమి. సిమ్ము నియమము కెమెరాలకే మిగిలినది.

ఇక దారి తెగినపుడేమి? సిమ్ము పెట్టె దీపము వెలుగుచునే యుండి దాని యవతల లైను చచ్చియుండవచ్చును. అప్పుడు పట్టికలో దారి యున్నట్లే కనబడును, పొట్లములు మాత్రము మాయమగును. అందుచేత దూరపు చిరునామా నొకదానిని పలుమార్లు పలుకరించి, బదులు రానపుడు ఆ దారిని తీసివేయు ఏర్పాటు కావలెను. అయితే రెండవ పట్టికలో దారి లేనపుడు రూటరు తరువాతి నియమమునకు దిగి కెమెరాలను మరల ఫైబరుపైకి తెచ్చును. యజమాని అదియే మేలనెను. మేము ఒప్పుకొనలేదు. కెమెరా బొమ్మ గంటసేపు ఆగినను నష్టము స్వల్పము; కాటా బిల్లు ఆగినచో లారీ ఆగును, ఎండలో కాయ పండుబారును. సిమ్ము లేనపుడు కెమెరాలకు దారి లేదని ఆ పట్టికలోనే వ్రాసితిమి.

నియమములన్నిటిని తెలుగులో ఒక కాగితముపై వ్రాసి, కాటా ధరల పలక ప్రక్కన అంటించి వచ్చితిమి. తరువాతి మామిడి కాలమున సిమ్ము మార్చవలసివచ్చినపుడు గుమాస్తా మమ్ము పిలువలేదు.